ఖడ్గ తిక్కన: రణరంగం నుండి తిరిగివచ్చిన సింహపురి సేనాని

ప్రత్యేక వ్యాసం

నెల్లూరు: పెన్నా నదీతీరాన వెలసిన విక్రమసింహపురి 13వ శతాబ్దిలో తెలుగు జాతికి ఇద్దరు తిక్కనలను ప్రసాదించింది. ఒకరు మహాభారతంలో విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలను తెనిగించిన కవిబ్రహ్మ తిక్కన సోమయాజి. మరొకరు ఆయన పెదతండ్రి కుమారుడు, మనుమసిద్ధి మహారాజు కొలువులో సేనానిగా పనిచేసి పంచలింగాల యుద్ధంలో నేలకొరిగిన ఖడ్గ తిక్కన. కవి తిక్కన పేరు సాహిత్య చరిత్రలో సుస్థిరమైనది. ఖడ్గ తిక్కన పేరు జనుల నాలుకపై చాటుపద్యాల రూపంలోను, కొమ్మువారు గానం చేసే కాటమరాజు కథల్లోను నిలిచింది.

ఓడి ఇల్లు చేరిన సేనానిని ఇంటివారు ఎత్తిపొడవగా ఆయన మరల యుద్ధభూమికి వెళ్లి వీరమరణం పొందిన ఘట్టం తెలుగునాట తరతరాలుగా చెప్పుకొనేది. ఈ కథను సాధారణంగా పౌరుషానికి నిదర్శనంగా వినిపిస్తారు. అయితే యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికుణ్ణి సమాజం ఏ విధంగా స్వీకరించింది, ఏ విధంగా స్వీకరించవలసి ఉన్నది అన్న ప్రశ్న కూడా ఇందులో ఇమిడి ఉన్నది. సైనికుల త్యాగాలను స్మరించుకొనే సందర్భాలలో ఈ సింహపురి వీరుని జీవితాన్ని ఆ కోణం నుండి పరిశీలించడం సముచితం.

కలమూ, ఖడ్గమూ పట్టిన కుటుంబం

ఖడ్గ తిక్కన కొట్టరువు వంశీయుడు. తాత మంత్రి భాస్కరుడు. భాస్కరునికి కేతన, మల్లన, సిద్ధన, కొమ్మన అని నలుగురు కుమారులు. వీరిలో సిద్ధన కుమారుడు ఖడ్గ తిక్కన కాగా, కొమ్మన కుమారుడు తిక్కన సోమయాజి. కొమ్మన గుంటూరును పాలించిన దండనాథుడు. మంత్రిత్వం, సేనానాయకత్వం, పాండిత్యం మూడూ ఒకే ఇంట నెలకొన్న కుటుంబమిది. ఒకే పేరు గలవారు ఒకే వంశంలో ఉండుటచేత లోకం వారిని కవి తిక్కన, ఖడ్గ తిక్కన, కార్య తిక్కన అని వేరుపరచి పిలుచుకొన్నది. ఖడ్గ తిక్కనకే రణ తిక్కన అన్న పేరు కూడా ఉన్నది.

ఖడ్గ తిక్కన తల్లి పేరు ప్రోలమ్మ, భార్య పేరు చానమ్మ అని సంప్రదాయం చెబుతున్నది. కేతన కవి తన దశకుమార చరిత్రను తిక్కన సోమయాజికి అంకితమిస్తూ ఈ వంశక్రమాన్ని పద్యాలలో పొందుపరచాడు. సమకాలికుడైన కవి రచించిన ఆ పీఠిక ఈ కుటుంబ చరిత్రకు ముఖ్యాధారం. యుద్ధఘట్టానికి సంబంధించిన వివరాలు మాత్రం అధికంగా కాటమరాజు కథాచక్రం నుండి, చాటుపద్యాల నుండి లభించినవే. కందుకూరి వీరేశలింగం పంతులు ఆంధ్ర కవుల చరిత్రంలో ఈ కథను ప్రస్తావించగా, ఆచార్య తంగిరాల వెంకట సుబ్బారావు కాటమరాజు కథలను సేకరించి పరిష్కరించి వెలుగులోకి తెచ్చారు.

పచ్చిక కోసం వచ్చిన తగవు

ఆనాడు నెల్లూరు ప్రాంతాన్ని తెలుగు చోడులు విక్రమసింహపురి రాజధానిగా పాలిస్తున్నారు. 13వ శతాబ్ది మధ్యభాగంలో సింహాసనం అధిష్ఠించిన మనుమసిద్ధి సాహిత్యపోషకుడు. తిక్కన సోమయాజి నిర్వచనోత్తర రామాయణాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. అయితే ఆ రాజ్యం నిరంతరం ఇరుగుపొరుగు ప్రభువుల ఒత్తిడికి, దాయాదుల పోరుకు లోనై ఉండేది. ఒక దశలో రాజ్యం చేజారగా, తిక్కన సోమయాజి స్వయంగా ఓరుగల్లుకు వెళ్లి కాకతీయ గణపతిదేవుని సాయం అర్థించాడని, ఆ సాయంతో మనుమసిద్ధి తిరిగి రాజ్యం పొందాడని సిద్ధేశ్వర చరిత్ర వంటి గ్రంథాలు తెలుపుతున్నాయి. అటువంటి రాజ్యానికి విశ్వాసపాత్రుడైన సేనాని ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

కాటమరాజు కనిగిరి సీమకు చెందిన యాదవ నాయకుడు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు కనిగిరి ప్రాంతం నెల్లూరు జిల్లాలోనే అంతర్భాగంగా ఉండేది. ఆ సీమలో వర్షాభావం వల్ల కరవు ఏర్పడగా కాటమరాజు తన ఆలమందలను దక్షిణాన నెల్లూరు రాజ్యంలోని పచ్చిక బయళ్లకు తోలుకొని వచ్చాడు. మేతకు ప్రతిఫలంగా మందలో పుట్టే కోడెదూడలను రాజుకు ఇచ్చే ఒడంబడిక కుదిరింది. కథాచక్రంలో ఈ రాజు పేరు నల్లసిద్ధి. ఆయనే మనుమసిద్ధి అని పరిశోధకులు గుర్తించారు.

ఒడంబడిక ఎక్కువకాలం నిలువలేదు. రాజు ప్రియురాలు కున్నమదేవి పెంపుడు చిలుక గొల్లల చేతిలో మరణించిందని, అందుకు ప్రతీకారంగా ఆమె మనుషులు ఆవులను చంపారని, రక్షణ కొరవడిన చోట పుల్లరి చెల్లించనక్కరలేదని కాటమరాజు మందలతో తరలిపోయాడని గాథ చెబుతున్నది. చిలుక కథ ఎట్లున్నా, వివాదానికి మూలం పశువుల మేత, దానిపై రాజుకు చెల్లవలసిన పన్ను. సముద్రతీరపు ఈ జిల్లాలలో పశుసంపద విలువ అసామాన్యమైనది. ఇక్కడి ఒంగోలు జాతి పశువులు 19వ శతాబ్దిలో నౌకలపై బ్రెజిల్ దేశానికి చేరి, అక్కడ నేటికీ నెల్లూరు పేరిట నెలోర్ జాతిగా ప్రసిద్ధి పొందినవి. పుల్లరి అన్న మాట సైతం 20వ శతాబ్ది వరకు సజీవంగా ఉండి, 1921-22లో పల్నాడులో కన్నెగంటి హనుమంతు నాయకత్వాన జరిగిన ఉద్యమానికి పేరైనది. కనుక పంచలింగాల యుద్ధం ఒక రాణివాసపు అలకతో పుట్టినది కాదు. జీవనాధారానికీ రాజశాసనానికీ మధ్య తలెత్తిన సంఘర్షణ అది. ఆ సంఘర్షణలో రాజాజ్ఞను శిరసావహించి సేనను నడిపే భారం ఖడ్గ తిక్కనపై పడినది.

తొలి పోరు, తిరుగు ప్రయాణం

పాలేరు తీరాన, ఎర్రగడ్డపాటి సమీపంలోని పంచలింగాల వద్ద ఉభయ సేనలు తలపడ్డాయి. యాదవ వీరులు తమ మందల కోసం, తమ మాట కోసం ప్రాణాలొడ్డి పోరాడారు. నెల్లూరు సేన పెద్ద సంఖ్యలో నేలకూలినది. తన వెంట వచ్చిన యోధులను కోల్పోయిన ఖడ్గ తిక్కన రణరంగం విడిచి నెల్లూరు చేరుకొన్నాడు.

ఈ సందర్భంలో ఒక విషయం గమనింపదగినది. కాటమరాజు కథలు ప్రధానంగా ప్రత్యర్థి పక్షమైన యాదవుల కీర్తిని గానం చేసేవి. అయినప్పటికీ ఆ కథలలో తిక్కన పరాక్రమానికి లోటు చేయలేదు. ఎదుటి పక్షం వీరునిగా గౌరవించిన సేనాని ఆయన. సేన నశించిన తరువాత సేనాని ఒంటరిగా ప్రాణం విడిచినందువల్ల రాజ్యానికి ఒనగూడే ప్రయోజనం స్వల్పం. సైన్యాన్ని తిరిగి కూర్చుకొనే అవకాశం కోసం వెనుకకు మరలడం యుద్ధనీతికి విరుద్ధం కాదు. కాని ఆనాటి సమాజం ఆ విధంగా ఆలోచించలేదు.

ఇంట లభించిన ఆదరణ

ఓటమితో తిరిగివచ్చిన తిక్కనకు ఊరిలో పరిహాసం ఎదురైనది. తండ్రి సిద్ధన నిందించాడు. ఇంట భార్య చానమ్మ స్నానానికి నీళ్లు సిద్ధం చేస్తూ, ఆడవారి స్నానానికి అమర్చినట్లు మంచం అడ్డుగా నిలిపి, దాని చాటున పసుపుముద్ద ఉంచినది. ఈ ఏర్పాటు ఏమిటని భర్త ప్రశ్నించగా, వెన్నిచ్చి వచ్చిన తరువాత ఇంట ఉన్నవారందరూ ఆడవారే కనుక సిగ్గుపడవలసిన పని లేదన్న భావాన్ని ఆమె వ్యక్తం చేసినది. భోజన సమయంలో తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించినది. తెలుగులో పాలు చెడిపోవడానికీ, సేన చెదరిపోవడానికీ విరుగుట అన్న ఒకే మాట ఉన్నది. కుమారుడు విరిగి రాగా ఆలమందల పాలు సైతం విరిగినవని ఆ తల్లి ఆ మాటను ఆధారం చేసుకొని ఎత్తిపొడిచినది.

ఈ ఘట్టాన్ని తెలిపే చాటుపద్యాలు తెలుగునాట విశేష ప్రచారం పొందినవి. వీరపత్ని, వీరమాతల ఔన్నత్యాన్ని చాటేవిగా వాటిని పరిగణించడం పరిపాటి. మధ్యయుగంలో వీరధర్మం ఎంత కఠినమైనదో అవి తెలుపుతున్నాయి. ఆనాడు పశువుల రక్షణలో మరణించినవారికి ఊరి పొలిమేరలలో వీరగల్లులు నిలిపేవారు. రాయలసీమలోను, ఇతర తెలుగు ప్రాంతాలలోను అటువంటి శిలలు నేటికీ కానవస్తున్నాయి. మరణించిన వీరునికి శిల లభించినది. గాయపడి బతికివచ్చినవానికి, ఓడి తిరిగివచ్చినవానికి అటువంటి గుర్తింపు కరవైనది. ఖడ్గ తిక్కన ఎదుర్కొన్నది ఈ పరిస్థితినే. ఆయన చేసిన సేవ, కోల్పోయిన సహచరులు, పడిన శ్రమ ఎవరి లెక్కలోనూ చేరలేదు. ఒక్క రోజు ఫలితం మాత్రమే లెక్కకు వచ్చినది.

చానమ్మ, ప్రోలమ్మలను ఈ కారణంగా నిందించడం కూడా ఉచితం కాదు. ఓడిన సేనాని కుటుంబం సంఘంలో తలయెత్తుకొని తిరుగలేని కాలమది. బయటివారు మోపిన భారాన్నే వారు ఇంటిలో పలికారు. పౌరసమాజం గౌరవించని సైనికునికి తన ఇంటిలోనూ శాంతి దక్కదన్న సత్యం ఈ కథలో స్పష్టమవుతున్నది.

మలి పోరు, వీరమరణం

అవమానభారంతో ఖడ్గ తిక్కన మరల కత్తి చేతబట్టి పంచలింగాలకు తరలివెళ్లాడు. ఈ పర్యాయం ఆయన తిరిగిరాలేదు. అసమాన పరాక్రమంతో పోరాడి రణభూమిలో అసువులు బాసినాడు. భర్త మరణవార్త విని చానమ్మ సహగమనం చేసినదని గాథ తెలుపుతున్నది. ఆ కాలపు ఆచారం మూలాన ఒక మరణం వెంట మరొక మరణం సంభవించినది. సిద్ధన, ప్రోలమ్మలకు కడకు మిగిలినది కుమారుని కీర్తి.

యుద్ధం ఉభయులకూ నష్టాన్నే మిగిల్చినది. యాదవ పక్షాన సైతం అనేకులు మరణించారు. ఆ వీరులను తలచుకొంటూ కాటమరాజును దైవంగా కొలిచే ఆచారం యాదవులలో ఏర్పడినది. కొమ్మువారు కొమ్ములూది ఆ కథలను రాత్రుల తరబడి గానం చేసే సంప్రదాయం వచ్చినది. ఆ గానంలో ప్రత్యర్థి అయిన ఖడ్గ తిక్కనకు కూడా స్థానం లభించడం విశేషం.

కవి తిక్కన కావ్యంలో మరొక దారి

ఖడ్గ తిక్కన సోదరవరుస అయిన తిక్కన సోమయాజి భారతాన్ని విరాటపర్వంతో ప్రారంభించాడు. యాదృచ్ఛికమే కావచ్చు గాని, ఆ పర్వంలోని ప్రధాన యుద్ధం కూడా ఆలమందల కోసం జరిగినదే. ఉత్తర గోగ్రహణంలో కౌరవసేనను చూసి భీతిల్లిన ఉత్తరకుమారుడు రథం దిగి పరుగెత్తుతాడు. బృహన్నల రూపంలో ఉన్న అర్జునుడు అతణ్ణి వెంబడించి పట్టుకొంటాడు. అయితే అతణ్ణి అవమానించి విడువక, ధైర్యం చెప్పి, సారథ్యం అప్పగించి, జమ్మిచెట్టుపై దాచిన ఆయుధాలను అతని చేతనే దింపించి యుద్ధంలో భాగస్వామిని చేస్తాడు. కుమారుడు తిరిగివస్తున్నాడని తెలిసి విరాటరాజు నగరాన్ని అలంకరింపజేసి స్వాగతం ఏర్పాటు చేస్తాడు. విజయం తనది కాదని ఉత్తరుడు స్వయంగా అంగీకరించినా అతని గౌరవానికి భంగం కలుగలేదు.

ఒకే ఇంట పుట్టిన ఇద్దరు తిక్కనల పేరుతో ఈ విధంగా రెండు దృశ్యాలు తెలుగువారి ముందు నిలిచి ఉన్నాయి. ఒకటి వెనుదిరిగినవానిని సిగ్గుపరచి మృత్యువు వద్దకు పంపిన దృశ్యం. మరొకటి వెనుదిరిగినవానికి చేయూతనిచ్చి ధీరునిగా తీర్చిన దృశ్యం. పరాక్రమాన్ని పెంపొందించే విషయంలో రెండవ మార్గం ఏమాత్రం తక్కువది కాదు. రాజు కోసం ప్రాణాలర్పించినవారి, ఆపదలకు లోనైనవారి కుటుంబాలను పోషిస్తున్నావా అని నారదుడు ధర్మరాజును ప్రశ్నించే ఘట్టం వ్యాసభారత సభాపర్వంలో ఉన్నది. సైనికుల కుటుంబాల బాధ్యత పాలకులదే అన్న భావన ఈ దేశంలో ఎంత ప్రాచీనమైనదో దీనివల్ల తెలుస్తున్నది.

ఆధునిక కాలంలో అదే ప్రశ్న

ఖడ్గ తిక్కన ఎదుర్కొన్న పరిస్థితి మధ్యయుగంతో ముగిసిపోలేదు. 1987లో శ్రీలంకకు వెళ్లిన భారత శాంతిపరిరక్షక దళం సుమారు 1,200 మంది సైనికులను కోల్పోయి, 1990 మార్చిలో మద్రాసు రేవుకు చేరినప్పుడు ఆ దళానికి పూర్తిస్థాయి స్వాగతం లభించలేదు. ఆ దళాన్ని పంపిన నిర్ణయంపై రాజకీయంగా తీవ్రమైన భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆ అభిప్రాయభేదాల భారం ఆజ్ఞను పాటించి తిరిగివచ్చిన సైనికులపై పడినది. తరువాతి కాలంలో శ్రీలంకలోని శ్రీ జయవర్ధనపుర కోట్టెలో ఆ దళానికి స్మారకం వెలసినది. వియత్నాం యుద్ధం నుండి తిరిగివెళ్లిన అమెరికా సైనికుల అనుభవం సైతం ఇటువంటిదే. 58,000 మందికి పైగా మృతుల పేర్లు చెక్కిన స్మారక కుడ్యం వాషింగ్టన్‌లో 1982లో ఆవిష్కృతమైన పిదప అక్కడి సమాజ దృష్టిలో మార్పు బలపడినది. యుద్ధనిర్ణయాన్ని విమర్శించే హక్కు ప్రజాస్వామ్యంలో ప్రతి పౌరునికీ ఉన్నది. ఆ నిర్ణయాన్ని అమలు చేసిన సైనికుణ్ణి గౌరవించే బాధ్యత కూడా అదే పౌరునికి ఉన్నది. ఈ రెండింటిని వేరుచేసి చూడగలగడం పరిణతి చెందిన సమాజ లక్షణం.

స్వాతంత్ర్యానంతరం ఈ దిశగా అనేక ఏర్పాట్లు రూపుదిద్దుకొన్నాయి. 1949 నుండి ఏటా డిసెంబర్ 7ను సాయుధ దళాల పతాక దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఆ రోజున సేకరించే విరాళాలు యుద్ధవితంతువులు, వికలాంగ సైనికులు, మాజీ సైనికులు, వారి కుటుంబాల సంక్షేమానికి వినియోగమవుతాయి. జిల్లా స్థాయిలో సైనిక సంక్షేమ కార్యాలయాలు పనిచేస్తున్నాయి. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా విశాఖ సముద్రతీరాన 1996లో విక్టరీ ఎట్ సీ స్మారకం నిర్మితమైనది. న్యూఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న జాతికి అంకితమైన జాతీయ యుద్ధ స్మారకంపై 25,000 మందికి పైగా అమరుల పేర్లు చెక్కబడి ఉన్నాయి. కార్గిల్ పోరులో 1999లో అమరుడైన హైదరాబాద్ వాసి మేజర్ పద్మపాణి ఆచార్య, గల్వాన్ లోయలో 2020లో అమరుడైన సూర్యాపేట వాసి కల్నల్ సంతోష్‌బాబు మహావీరచక్ర పురస్కారాన్ని మరణానంతరం పొందిన తెలుగు నేల బిడ్డలు.

అమరులను స్మరించడంలో తెలుగువారు ఏనాడూ వెనుకబడలేదు. వీరగల్లుల కాలం నుండి నేటి స్మారకాల వరకు ఆ సంప్రదాయం అవిచ్ఛిన్నంగా సాగుతున్నది. సజీవంగా తిరిగివచ్చినవారి విషయంలో మరింత శ్రద్ధ అవసరం. విధి నిర్వహణలో అవయవాలు కోల్పోయినవారు, పతకమేదీ లేకుండా పదవీవిరమణ చేసినవారు, కఠినమైన సరిహద్దులలో యౌవనమంతా గడిపి గ్రామం చేరి జీవనోపాధి వెతుక్కొనేవారు ప్రతి మండలంలోనూ ఉన్నారు. వారు కార్యాలయానికి వచ్చినప్పుడు అర్జీని సకాలంలో పరిష్కరించడం, పింఛను, భూమి, పునరావాసం వంటి విషయాలలో నిబంధనల మేరకు వేగంగా సహకరించడం, గ్రామసభలలో వారికి తగిన స్థానం కల్పించడం అధికారుల చేతిలో ఉన్న పనులు. ఒక్క పతాక దినోత్సవం నాడే కాక తక్కిన రోజులలోనూ వారి సమస్యలను వెలుగులోకి తేవడం పాత్రికేయుల చేతిలో ఉన్న పని.

సింహపురి ఖడ్గ తిక్కనను ఆయన మరణించిన తరువాతనే వీరునిగా అంగీకరించినది. తొలి పోరు నుండి తిరిగివచ్చిన నాడు కూడా ఆయన అదే సేనాని, ఆయన చేత ఉన్నది అదే కత్తి. ఆ నాడు దక్కని మన్నన నేటి సైనికునికి అతడు జీవించి ఉండగానే దక్కేటట్లు చూడడమే ఆ సేనానికి నెల్లూరు సీమ అర్పించగల నిజమైన నివాళి.